నడిరోడ్డుపై బండి ఆగిపోతే ఎవరొస్తారు? రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉన్నా చేతి చమురు ఎందుకు వదులుతోందంటే..

పండగ సెలవులు వచ్చాయంటే హైదరాబాద్-విజయవాడ హైవే కార్లతో నిండిపోతుంది. పంతంగి టోల్ ప్లాజా దాటాక ఏసీ వేసుకుని హాయిగా వెళ్తున్న కారు ఒక్కసారిగా వేడెక్కి ఆగిపోతే పరిస్థితి ఏంటి? వెనకాల పిల్లలు, పెద్దవాళ్లు. పక్కనుంచి లారీలు దూసుకెళ్తుంటాయి. దగ్గర్లో మెకానిక్ షాపు ఉండదు. ఉన్నా రాత్రి పది దాటితే షట్టర్ దించేసి ఉంటుంది. ఇలాంటి సమయంలో గుర్తొచ్చేదే రోడ్‌సైడ్ అసిస్టెన్స్. ఇన్సూరెన్స్ కట్టేటప్పుడు ఏజెంట్ "ఇది కూడా వేసేస్తున్నా సార్, కొన్ని వందలే" అంటే సరే అనేసిన వాళ్లు చాలామందే. తీరా అవసరం వచ్చినప్పుడు ఆ కాగితంలో ఏముందో, ఎవరికి ఫోన్ చేయాలో తెలియక తలపట్టుకుంటున్నారు.

అసలు ఇందులో ఏమేం వస్తాయి?

బ్యాటరీ డౌన్ అయితే వేరే బ్యాటరీతో కేబుల్ పెట్టి స్టార్ట్ చేసి ఇస్తారు. టైర్ పంక్చర్ అయితే స్టెప్నీ మార్చి పెడతారు. పెట్రోల్, డీజిల్ అయిపోతే కొన్ని లీటర్లు తెచ్చి పోస్తారు. తెచ్చే ఖర్చు వాళ్లది, నూనె డబ్బులు మాత్రం కారు ఓనర్‌వే. తాళం లోపల పెట్టి డోర్ లాక్ చేసుకుంటే తెరవడానికి మనిషిని పంపుతారు. ఫ్యూజు పోవడం, వైరు ఊడిపోవడం లాంటి చిన్న చిన్నవి అక్కడికక్కడే సరిచేస్తారు. ఇవేవీ కుదరకపోతే రికవరీ బండి తెచ్చి దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కు చేరుస్తారు. కాస్త ఖరీదైన ప్లాన్లలో అయితే కారు ఆగిపోయిన వాళ్లను ఇంటికి చేర్చే ట్యాక్సీ, ఒక రాత్రి హోటల్ ఖర్చు కూడా ఉంటాయి.

వినడానికి బాగానే ఉంది. కానీ "చేస్తారు" అన్న మాట వెనకాల "ఇంతవరకే" అన్న మాట ఒకటి ఉంటుంది. ఏడాదికి ఎన్నిసార్లు పిలవొచ్చు, ఎన్ని కిలోమీటర్లు ఉచితంగా లాక్కెళ్తారు, ఒక్కోసారికి ఎంత ఖర్చు వరకు భరిస్తారు అన్నవి ప్లాన్ ప్లాన్‌కీ మారిపోతాయి. లేబర్ చార్జీ వరకు ఉచితం, వేసిన విడిభాగం ఖరీదు మాత్రం కట్టాల్సిందే అన్నది దాదాపు అన్నిట్లోనూ కనిపించే నిబంధన. కొత్త బ్యాటరీ వేయాల్సి వస్తే ఆ బిల్లు ఓనర్‌దే. టైరు పగిలిపోతే కొత్త టైరు ఎవరూ ఇవ్వరు.

స్టెప్నీ విషయంలో ఇంకో తిరకాసు ఉంది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ, రిపేర్ కిట్ ఉంటే కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని కేంద్రం 2020లో నిబంధనలు మార్చింది. దీంతో ఈ మధ్య వస్తున్న కొన్ని మోడళ్లలో డిక్కీ తెరిస్తే స్టెప్నీ ఉండాల్సిన చోట ఓ చిన్న పంపు, జిగురు డబ్బా కనిపిస్తున్నాయి. మేకు దిగితే ఆ కిట్ పనిచేస్తుంది. పక్కభాగం చీలిపోతే పనిచేయదు. మార్చడానికి స్టెప్నీ లేకపోతే వచ్చిన మెకానిక్ కూడా చేసేదేం ఉండదు, బండిని లాక్కెళ్లాల్సిందే. కొనేటప్పుడు కారులో స్టెప్నీ ఉందా లేదా అని ఒకసారి డిక్కీ ఎత్తి చూసుకోవడం మంచిది.

వచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ బండి కాదు

చాలామంది అనుకునేది.. ఫోన్ చేయగానే ఇన్సూరెన్స్ కంపెనీ తన సొంత వ్యాన్ పంపిస్తుందని. సాధారణంగా అలా జరగదు. కంపెనీ ఈ పనిని వేరే అసిస్టెన్స్ సంస్థకు అప్పగిస్తుంది. ఆ సంస్థ కాల్ సెంటర్ ఎక్కడో వేరే నగరంలో ఉంటుంది. అక్కడి నుంచి కారు ఆగిన చోటికి దగ్గరగా ఉన్న మెకానిక్‌కో, రికవరీ బండి ఓనర్‌కో ఫోన్ వెళ్తుంది. అంటే చివరికి వచ్చేది ఏ సూర్యాపేటలోనో, ఏ జడ్చర్లలోనో ఉన్న లోకల్ మనిషే. ఊళ్లో ఉన్నప్పుడు త్వరగా వచ్చేసి, హైవే మీద గంటలు పట్టడానికి కారణం ఇదే. ఆ రాత్రి ఆ లోకల్ బండి వేరే పనిలో ఉంటే ఇంకా ఆలస్యం అవుతుంది.

అందుకే ఫోన్‌లో చెప్పే అడ్రస్ చాలా ముఖ్యం. "చిట్యాల దాటాక" అంటే కుదరదు. కాల్ సెంటర్‌లో ఉన్న వ్యక్తికి చిట్యాల ఎక్కడుందో తెలియకపోవచ్చు. సాధారణంగా వాళ్లు లొకేషన్ కోసం ఒక లింక్ పంపుతారు. సిగ్నల్ లేకపోతే రోడ్డు పక్కన ఉండే కిలోమీటర్ రాయి మీద నంబర్ చూసి చెప్పాలి. ఏ వైపు వెళ్లే రోడ్డో కూడా చెప్పాలి. డివైడర్ ఉన్న హైవే మీద అవతలి వైపుకు వచ్చిన బండి యూటర్న్ కోసం ఒక్కోసారి చాలా దూరం వెళ్లాల్సి వస్తుంది.

మరో పొరపాటు కూడా ఎక్కువగా జరుగుతోంది. కాల్ సెంటర్ ఆలస్యం చేస్తోందని విసిగిపోయి దారిలో దొరికిన మెకానిక్‌తో పని చేయించుకుని, తర్వాత బిల్లు పెడితే డబ్బు వస్తుందనుకుంటారు. చాలా ప్లాన్లలో ఇది కుదరదు. ముందుగా కాల్ సెంటర్‌తో చెప్పించుకుని, వాళ్లు సరేనంటేనే ఆ ఖర్చు తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. కనీసం కంప్లయింట్ నంబర్ తీసుకుని, మెసేజ్ దాచుకోవాలి.

కిలోమీటర్ల లెక్క.. అసలు దెబ్బ ఇక్కడే

గొడవలన్నీ టోయింగ్ దగ్గరే వస్తాయి. ఉదాహరణకు ఒక ప్లాన్‌లో 50 కిలోమీటర్ల వరకు ఉచితం అని ఉందనుకుందాం. కారు సూర్యాపేట దగ్గర ఆగింది. ఓనర్ ఉండేది హైదరాబాద్‌లో. తనకు తెలిసిన సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లమంటాడు. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు దాదాపు 135 కిలోమీటర్లు. మొదటి 50 పోను మిగతా 85 కిలోమీటర్లకు కిలోమీటర్‌కు ఇంత అని రికవరీ బండి వాడు వసూలు చేస్తాడు. టోల్ చార్జీలు అదనం. దించేటప్పుడు క్యాష్ ఇస్తేనే బండి దించుతానంటాడు. అప్పుడు మొదలవుతుంది గొడవ.. "నాకు ఇన్సూరెన్స్ ఉంది కదా" అని.

నిబంధనల ప్రకారం అయితే కంపెనీ ఒప్పుకున్నది "దగ్గర్లోని" సర్వీస్ సెంటర్ వరకే, ఓనర్‌కు నచ్చిన సెంటర్ వరకు కాదు. పైగా ఆ 50 కిలోమీటర్లను ఎక్కడి నుంచి లెక్కపెడతారన్నది ఇంకో ప్రశ్న. కొన్ని ప్లాన్లలో కారు ఆగిన చోటు నుంచి లెక్క. కొన్నిట్లో రికవరీ బండి బయల్దేరిన చోటు నుంచి రాకపోకలు రెండూ కలిపి లెక్క. రెండో రకమైతే కాగితం మీద 50 అని ఉన్నా అసలు లాక్కెళ్లే దూరం పాతికకు మించదు. పాలసీ తీసుకునేటప్పుడు అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న ఏదైనా ఉంటే అది ఇదే. ధర ఎంత అన్నది ఆ తర్వాత.

ఏ రకం బండి వస్తుందన్నది కూడా చూసుకోవాలి. మామూలు గేరు కారునైతే ముందు చక్రాలు ఎత్తి, వెనక చక్రాల మీద లాక్కెళ్లే క్రేన్ సరిపోవచ్చు. ఆటోమేటిక్, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే ఫోర్ వీల్ డ్రైవ్, ఎలక్ట్రిక్ కార్లను అలా ఈడ్చుకెళ్తే గేర్‌బాక్స్ లేదా మోటారు దెబ్బతినే ప్రమాదం ఉంది. వాటిని మొత్తంగా పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీనే పంపమని ఫోన్‌లోనే చెప్పాలి. వచ్చాక "తాడు కట్టి లాగేద్దాం సార్, ఏం కాదు" అంటే ఒప్పుకోకూడదు. తక్కువలో పోతుందనుకున్నది గేర్‌బాక్స్ బిల్లుతో తేలుతుంది.

బ్రేక్‌డౌన్ వేరు, యాక్సిడెంట్ వేరు

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అయోమయం గురించి చెప్పుకోవాలి. "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి బండి ఆగిపోతే వాళ్లే చూసుకుంటారు" అన్నది తప్పు. మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీ ప్రమాదం, దొంగతనం, అగ్నిప్రమాదం, వరద లాంటి వాటికి. మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ తమ బాధ్యత కాదని పాలసీలోనే స్పష్టంగా రాసి ఉంటుంది. అరిగిపోవడం, పాతబడటం కూడా అంతే. ఆ ఖాళీని కొంతవరకు పూడ్చేదే రోడ్‌సైడ్ అసిస్టెన్స్. అది కూడా బండిని గ్యారేజీ దాకా చేర్చడం వరకే, గ్యారేజీలో అయ్యే రిపేర్ బిల్లు దీని కిందకు రాదు.

ప్రమాదం జరిగినప్పుడైతే బండిని దగ్గర్లోని రిపేర్ షాపుకు చేర్చే ఖర్చు మామూలు పాలసీలోనే ఉంటుంది. అయితే ఎప్పటి నుంచో వస్తున్న స్టాండర్డ్ పాలసీ షరతుల్లో దీనికి పరిమితి పెట్టారు. కారుకు 1,500 రూపాయలు, టూవీలర్‌కు 300 రూపాయలు. ఇప్పటి డీజిల్ ధరల్లో, హైవే మీద 1,500కు క్రేన్ ఎంత దూరం వస్తుందో వాహనదారులకు చెప్పక్కర్లేదు.

వాన నీళ్లలో ఆగిపోయిన బండి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలకు విజయవాడలో సింగ్ నగర్ సహా పలు ప్రాంతాల్లో వేలాది బండ్లు నీళ్లలో మునిగిపోయాయి. అలాంటప్పుడు నీళ్లు తగ్గాయి కదా అని తాళం తిప్పి సెల్ఫ్ కొడితే, ఇంజిన్ లోపలికి వెళ్లిన నీళ్ల వల్ల పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నీళ్లలో మునగడం వరకు వరద నష్టం. మునిగాక స్టార్ట్ చేయడం వల్ల జరిగింది మాత్రం ఓనర్ చేజేతులా చేసుకున్నదని చెప్పి కంపెనీలు ఆ భాగం క్లెయిమ్ తిరస్కరిస్తుంటాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే వేరే యాడ్ ఆన్ ఉంటే తప్ప కష్టం. కాబట్టి అండర్‌పాస్ నీళ్లలో ఆగిన కారుకు స్టార్ట్ చేసే ప్రయత్నమే చేయకుండా నేరుగా టోయింగ్ అడగాలి.

పాలసీ ఉందనుకుంటారు.. ఉండదు

2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారు కొంటే మూడేళ్లకు, కొత్త బైక్ కొంటే ఐదేళ్లకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి తీసుకోవాల్సి వస్తోంది. కానీ ఓన్ డ్యామేజ్ భాగం చాలామందికి ఏడాదికే ఉంటుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్ ఆన్ దీనితోనే ముడిపడి ఉంటుంది. ఏడాది కాగానే అదీ ఆగిపోతుంది. చేతిలో ఐదేళ్ల కాగితం ఉంది కాబట్టి పోలీసులు ఆపినా ఇబ్బంది ఉండదు. దాంతో అన్నీ ఉన్నాయనే భ్రమలో రెండో ఏడాది, మూడో ఏడాది గడిచిపోతుంది. బండి ఆగినప్పుడు ఫోన్ చేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

మరోవైపు డబుల్‌గా కట్టేవాళ్లూ ఉన్నారు. కొత్త కారుకు వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీయే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఇస్తుంటుంది. షోరూంలో ఇన్సూరెన్స్‌తో పాటు మళ్లీ అదే వేస్తారు. పైగా డీలర్ తరఫున ఇంకో కార్డు. మూడూ చేసేది ఒకే పని. వారంటీ అయిపోయిన, నాలుగైదేళ్లు దాటిన కారుకే దీని అవసరం ఎక్కువ. విచిత్రంగా సరిగ్గా అప్పుడే ప్రీమియం తగ్గించుకోవాలని దాన్ని తీసేస్తుంటారు.

యాక్సిడెంట్ క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది కానీ, పంక్చర్‌కో బ్యాటరీకో ఈ సర్వీస్ వాడుకుంటే సాధారణంగా బోనస్‌కు ఢోకా ఉండదు. ఆ భయంతో ఫోన్ చేయకుండా ఉండాల్సిన పనిలేదు.

1033 కూడా ఉంది, గుర్తుందా?

ఏ పాలసీ లేకపోయినా జాతీయ రహదారి మీద ఉన్నవాళ్లకు ఓ దారి ఉంది. నేషనల్ హైవేస్ అథారిటీ హెల్ప్‌లైన్ 1033. 24 గంటలూ పనిచేస్తుంది. టోల్ కట్టే హైవేల్లో పెట్రోలింగ్ వాహనం, అంబులెన్స్, క్రేన్ అందుబాటులో ఉంచడం ఆ రోడ్డు నిర్వహించే కాంట్రాక్టర్ బాధ్యత. టోల్ రసీదు డబ్బుల్లో ఇదీ ఒక భాగమే అనుకోవచ్చు. అయితే వీళ్ల పని రోడ్డు మీద అడ్డుగా ఉన్న బండిని పక్కకు తీయడం, సురక్షితమైన చోటుకు చేర్చడం. ఇంటి దగ్గరి గ్యారేజీ దాకా తీసుకెళ్లరు. అర్ధరాత్రి హైవే మధ్య లేన్‌లో కారు ఆగిపోతే ముందుగా చేయాల్సిన ఫోన్ మాత్రం ఇదే. ఇన్సూరెన్స్ కాల్ సెంటర్‌కు ఆ తర్వాత చేసుకోవచ్చు. ఎవరికైనా దెబ్బలు తగిలితే 108, పోలీసు సాయానికి 112.

హైదరాబాద్-శ్రీశైలం రూట్‌లో మన్ననూరు దాటాక అమ్రాబాద్ అడవిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ దొరకదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అక్కడ వాహనాలను అనుమతించరు కూడా. సాయంత్రం ఆ రోడ్డెక్కే ముందు బండి కండిషన్ చూసుకోవడం తప్ప అక్కడ ఏ కార్డూ పెద్దగా పనికిరాదు. మారేడుమిల్లి, పాడేరు ఘాట్ రోడ్లలోనూ ఇదే కథ.

అర్జెంటులో గూగుల్‌లో నంబర్ వెతికి ఫోన్ చేయడం కూడా ప్రమాదకరమే. కస్టమర్ కేర్ పేరుతో మోసగాళ్లు పెట్టిన నంబర్లు కోకొల్లలు. "పది రూపాయలు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి", "ఈ యాప్ డౌన్‌లోడ్ చేయండి" అంటే అనుమానించాల్సిందే. పాలసీ కాగితం మీదున్న నంబర్‌ను ముందే ఫోన్‌లో సేవ్ చేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

సాయం వచ్చేలోపు ప్రాణాలు కాపాడుకోవాలి

బండి ఆగిపోవడం కంటే ఆగిన బండిని వెనక నుంచి వచ్చే లారీ గుద్దేయడమే అసలు ప్రమాదం. రాత్రిపూట ఆగి ఉన్న వాహనాన్ని ఢీకొన్న వార్తలు రెండు రాష్ట్రాల్లో తరచూ వింటూనే ఉన్నాం. వీలైనంత వరకు బండిని ఎడమవైపు అంచుకు నెట్టాలి. నాలుగు ఇండికేటర్లూ వేయాలి. కొత్త కారుతో పాటు ఇచ్చే ఎర్ర త్రికోణం డిక్కీలో ప్యాక్ కూడా విప్పకుండా ఉంటుంది చాలామందికి. దాన్ని కారు పక్కనే పెడితే లాభం లేదు. వేగంగా వచ్చే డ్రైవర్‌కు బ్రేక్ వేసే సమయం దొరికేలా వెనక్కి బాగా దూరం నడిచి పెట్టాలి. ఆ తర్వాత అందరూ కారులోంచి దిగి, రెయిలింగ్ ఉంటే దాని అవతలికి వెళ్లి నిలబడాలి. ఏసీ వేసుకుని కారులోనే కూర్చోవడం, కారు వెనకాల నిలబడి ఫోన్ మాట్లాడటం.. రెండూ ప్రాణాల మీదకు తెచ్చేవే. మనవాళ్లకు ఇంకో అలవాటు కూడా ఉంది. చెట్టు కొమ్మలు, రాళ్లు అడ్డం పెట్టి, బండి బాగయ్యాక వాటిని అక్కడే వదిలేసి వెళ్లిపోతారు. ఆ రాయి రాత్రిపూట వచ్చే బైక్ వాడికి కనిపించదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 201వ సెక్షన్ ప్రకారం పాడైన బండిని రోడ్డుకు అడ్డంగా వదిలేస్తే 500 రూపాయల వరకు జరిమానా, తరలింపు ఖర్చు వసూలు చేయొచ్చు. అయితే 2019లో చేసిన సవరణలో ఒక ఊరట ఇచ్చారు. అనుకోకుండా పాడైపోయి, తీసే ప్రయత్నం జరుగుతున్న బండికి ఈ జరిమానా వర్తించదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేసినట్టు వచ్చిన మెసేజ్ అప్పుడు చూపించడానికి పనికొస్తుంది. ఎవరూ లేకుండా 10 గంటలకు మించి వదిలేసిన బండిని తరలించే అధికారం మాత్రం 127వ సెక్షన్ కింద ఉంది.

బైకులు, ఎలక్ట్రిక్ బండ్ల మాటేంటి?

టూవీలర్లకూ ఈ యాడ్ ఆన్ ఉంటుంది. కానీ పంక్చర్ పడితే తోసుకుంటూ పోయి షాపు వెతుక్కోవడమే ఇప్పటికీ మన అలవాటు. అందులో తప్పేం లేదు, దగ్గర్లో షాపు ఉంటే అదే త్వరగా అవుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ల విషయం వేరు. చార్జింగ్ అయిపోతే బాటిల్‌తో తెచ్చి పోసుకునేది కాదు. వాటికి ఇచ్చే ప్లాన్‌లో చార్జింగ్ అయిపోయినప్పుడు దగ్గర్లోని చార్జింగ్ పాయింట్‌కు చేర్చే సౌకర్యం ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని ప్లాన్లలో దాన్ని బ్రేక్‌డౌన్‌గానే లెక్కించరు.

ఈ ఆలోచన విదేశాల్లో చాలా పాతది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లందరికీ తెలిసిన "ట్రిపుల్ ఏ" సంస్థ 1902లో పుట్టింది. బ్రిటన్‌లోని ఆటోమొబైల్ అసోసియేషన్ 1905లో మొదలైంది, అదీ స్పీడ్ ట్రాప్‌లు పెట్టి పట్టుకునే పోలీసుల నుంచి మెంబర్లను తప్పించడానికి! మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ 1919 నాటిది. అక్కడ అది మెంబర్‌షిప్‌గా ఎదిగింది. మన దగ్గర ఎక్కువగా ఇన్సూరెన్స్ కాగితంలో ఒక లైనుగా వచ్చింది. బహుశా అందుకే దాన్ని చదివేవాళ్లు తక్కువ.

రాకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

ఫోన్ చేసినా బండి పంపకపోయినా, ఉచితం అని చెప్పి డబ్బులు గుంజినా ఊరుకోవాల్సిన పనిలేదు. ముందు చూసుకోవాల్సింది ఆ సర్వీస్ అమ్మింది ఎవరని. ఇన్సూరెన్స్ పాలసీలో యాడ్ ఆన్‌గా ఉంటే మొదట కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబర్‌కు గానీ చెప్పొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకు ఈ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఇందుకు ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు.

డీలర్ విడిగా అమ్మిన కార్డు, ప్రైవేటు క్లబ్ మెంబర్‌షిప్ అయితే అంబుడ్స్‌మన్ పరిధిలోకి రావు. వాటికి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. రెండు చోట్లా అడిగేవి ఒకటే.. ఫోన్ చేసిన టైమ్, కంప్లయింట్ నంబర్, రికవరీ బండి వాడికి ఇచ్చిన డబ్బుకు రసీదు. క్యాష్ ఇవ్వకుండా ఫోన్‌పేలోనో, గూగుల్‌పేలోనో పంపితే ఆ రికార్డు దానంతట అదే ఉండిపోతుంది.